బ్రేక్ తొక్కితే చప్పుడా? ఎక్కడిదో ముందు పట్టుకోండి

కారు బ్రేకుల్లో చప్పుడు వస్తుంటే షెడ్డుకి పోయే ముందు అది ఎప్పుడు, ఎలా వస్తోందో ఒక రోజు గమనించండి. ఎందుకంటే ఊరికే "చప్పుడొస్తోందన్నా" అంటే చాలాచోట్ల ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కు అనే ఇనుప పళ్లేన్ని రెండు పక్కలా నొక్కి ఆపే బిళ్లలు) ఊడదీసి, ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్ది బిగించి పంపేస్తారు, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు.

పొద్దున్నే బండి తీసినప్పుడో, వానలో నానాకో నాలుగైదు సార్లు బ్రేక్ తొక్కేదాకా గరగరమని ఆ చప్పుడు ఆగిపోతే దాని జోలికి వెళ్లకండి. డిస్కు పోత ఇనుముది, రాత్రికి రాత్రే సన్నగా తుప్పు పడుతుంది, ప్యాడ్ రాసుకోగానే పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మరీను.

బ్రేక్ తొక్కినా తొక్కకపోయినా గీరుతూనే ఉందా? ఈ మధ్య కంకర రోడ్డెక్కి ఉంటే డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. చక్రం విప్పి రేకును కాస్త వంచితే రాలిపోతుంది, దీనికి ఎవడైనా పెద్ద బిల్లు వేస్తే ఒప్పుకోకండి.

సన్నటి కీచు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఒకటి ఉంటుంది, ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగేసరికి అది డిస్కుకు తగిలి అరుస్తుంది, కావాలనే అలా పెడతారు. చక్రం సందులోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి: మెరిసే డిస్కు, దానికి ఆనుకుని నల్లటి పొర, ఆ వెనక ఇనుప పలక. ఆ నల్లటి పొర కొత్తలో సుమారు 10 మి.మీ. ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చేయండి, కుడి, ఎడమ రెండు చక్రాలకూ ఒకేసారి. బయటి ప్యాడ్ బాగుంది కదా అని వదిలేయొద్దు, కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కు మీద నొక్కే భాగం) జరిగే పిన్నులు ఎండి బిగుసుకుంటే లోపలిదే ముందు అరుగుతుంది.

ఇనుము మీద ఇనుము గీసిన మోత వస్తోందంటే ప్యాడ్ అయిపోయి పలక డిస్కును తినేస్తోందన్నమాట. ఇక నడపొద్దు. లేత్ మీద డిస్కు స్కిమ్మింగ్ (పై పొర చెక్కి చదును చేయడం) చేయిస్తామంటే ముందు మందం కొలిపించండి, కనీసం ఎంత ఉండాలో మామూలుగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అంతకన్నా తగ్గేటట్టుంటే కొత్త డిస్కే.

ప్యాడ్లు బాగానే ఉన్నా కీచుమంటుంటే అవి సన్నగా అదురుతున్నట్టు. చదును నేల మీద బండి ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపి స్టాండ్ పెట్టాకే చెయ్యి పెట్టండి. ఊడదీసిన కాలిపర్‌ను గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. ప్యాడ్ కూర్చునే చోట తుప్పును వైరు బ్రష్‌తో గీకి, పిన్నులకు బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు పూయండి, ప్యాడ్ వీపున పలుచగా బ్రేక్ గ్రీజు రాయండి. రాసుకునే వైపు ఒక్క చుక్క తగిలినా ప్యాడ్ పాడైనట్టే. డిస్కు మీద నూనె స్ప్రే కొడితే చప్పుడు పోతుందని చెప్పేవాళ్లున్నారు, చప్పుడుతో పాటు బ్రేకూ పోతుంది.

బిగించాక బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను వెనక్కి నెడతారు కాబట్టి మొదటి రెండు మూడు సార్లు పెడల్ కిందిదాకా పోతుంది, అది మరచి రివర్సులో గేటును గుద్దినవాళ్లున్నారు. కొత్త ప్యాడ్లయితే ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పది సార్లు చేస్తే సర్దుకుంటాయి.

చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే (డిస్కుకు బదులు గిన్నెలాంటి డ్రమ్ము లోపల రాసుకునే బ్రేకులు). ఖాళీ స్థలంలో మెల్లగా పోతూ, బటన్ నొక్కిపట్టి హ్యాండ్ బ్రేక్ కొంచెం లాగండి, చప్పుడు వస్తే అది వెనకదే. చాలాసార్లు లోపల పేరుకున్న దుమ్మే కారణం. ఆ దుమ్మును నోటితో ఊదడం, గాలి కొట్టడం వద్దు, పాత లైనర్లలో (డ్రమ్ముకు రాసుకునే పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగుడ్డతో తుడవమని చెప్పండి.