వివాల్డి రచనలన్నిటికీ కేటలాగ్ ఎలా తయారు చేయాలి?

ఇటలీ స్వరకర్త వివాల్డి రచనలకు కేటలాగ్ అనగానే చాలామంది ముందు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసేస్తారు. దయచేసి అలా చేయకండి, నంబర్ వేయడం చిట్టచివరి పని.

ముందు ఎత్తుగడ, అంటే రచన మొదలయ్యే స్వరాలు, రాసుకోవాలి. పేరు చూసి రచనను గుర్తుపట్టలేం, ఎందుకంటే వివాల్డి 'గ్లోరియా' అనే చర్చి గీత రచనలు రెండు మన చేతిలో ఉన్నాయి, రెండూ డి మేజర్ అనే శ్రుతిలోనే. ఇప్పుడు అందరూ పాడేది, ఇప్పుడు వాడుకలో ఉన్న ర్యోమ్ కేటలాగ్‌లో 589వ నంబరుది, వయొలిన్లు ఒకే స్వరాన్ని కింద, పైన పట్టుకుని ఎగురుతూ మొదలవుతుంది. రెండోది 588. మొదటి రెండు మూడు గీతలు స్వరలిపిలో రాసి పెట్టుకుంటే ఈ రెండూ ఎప్పటికీ కలిసిపోవు. కానీ మొదటి భాగంతో ఆపేయకండి, ప్రతి భాగానికీ ఎత్తుగడ, శ్రుతి, తాళం, వేగం రాయాల్సిందే. ఈ రెండిటి ముగింపు భాగాలకూ మూలం రుజ్జియేరి అనే మరో స్వరకర్త రచన, కాబట్టి చివరి భాగం ఒక్కటే చూసినవాళ్లు మోసపోతారు.

తర్వాత ప్రతులు. ఏ ఊళ్లో, ఏ లైబ్రరీలో, ఏ నంబరు కింద ఉంది, దస్తూరి ఎవరిది, అచ్చు ప్రతా, రాత ప్రతా? వివాల్డి సొంత రాతప్రతుల్లో ఎక్కువ భాగం ట్యూరిన్‌లోని జాతీయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 27 సంపుటాలుగా ఉంది. 'నాలుగు ఋతువులు' మాత్రం 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది.

ఇక్కడే అసలు టెన్షన్: పైన ఉన్న పేరును నమ్మొచ్చా? వివాల్డి పేరుతో అచ్చయిన 'ఇల్ పాస్టర్ ఫిడో' సొనాటాలు నిజానికి షెడ్‌విల్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడివి. అటు డ్రెస్డెన్‌లో గలుప్పి అనే మరో స్వరకర్త పేరుతో ఉండిపోయిన 'డిక్సిట్ డొమినస్' అనే చర్చి రచన వివాల్డిదని 2005లో తేలింది, దానికి 807వ నంబరు ఇచ్చారు. అందుకే ఖాయమైనవి, అనుమానమున్నవి, ఆయనవి కానివి అని మూడు విభాగాలు పెట్టుకోండి, కానివాటిని కూడా చెరిపేయకండి, రేపు ఎవరో ఒకరు వాటిని వెతుక్కుంటూ వస్తారు.

వరస విషయానికొస్తే, కాలక్రమం ఆకర్షణీయంగా అనిపిస్తుంది గానీ చాలా రచనల మీద తేదీ లేదు. డెన్మార్క్ పండితుడు పీటర్ ర్యోమ్ వాద్యాన్ని బట్టి, అందులో శ్రుతిని బట్టి పేర్చాడు, నాకైతే అదే మంచి దారి. ఇప్పుడు నంబర్లు వేయండి, పక్కనే ర్యోమ్‌కు ముందు కేటలాగ్‌లు చేసిన పాషెర్ల్, ఫన్నా ఇచ్చిన పాత నంబర్లకు ఒక పట్టిక జోడించండి, ఎందుకంటే పాత రికార్డుల అట్టల మీద ఉండేవి అవే.