లేత్‌కి మిల్లింగ్ స్పిండిల్ బిగిస్తున్నారా? చక్ ఆగిందని చెయ్యి పెట్టకండి

తొలకరి పడేలోపే రోటవేటర్లు, ట్రాక్టర్ షాఫ్ట్‌లు ఒక్కసారిగా షెడ్డుకి వచ్చి పడతాయి. ఒకరికి కీవే (షాఫ్ట్‌లో కీ కూర్చునే గాడి) అరిగిపోయి ఉంటుంది, ఇంకొకరికి ఫ్లాంజికి ఆరు హోల్స్ సమానంగా పడాలి. మిల్లింగ్ మిషన్ (కట్టర్ తిరుగుతూ కోసే మిషన్) ఉన్న షాపుకి పంపితే రెండు రోజులు, ఆటో ఖర్చు అదనం. అందుకే లేత్ (జాబ్‌ని తిప్పుతూ కోసే మిషన్) నడిపే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది: కోసే టూల్‌ని పట్టుకునే టూల్ పోస్ట్ తీసేసి, ఆ చోట సొంత మోటార్‌తో తిరిగే చిన్న స్పిండిల్ బిగిస్తే, జాబ్‌ని పట్టుకుని తిప్పే చక్‌లోంచి కదపకుండానే కీవే కొట్టేయొచ్చు కదా! కొట్టొచ్చు. నేను కొడుతూనే ఉన్నాను. కాకపోతే ఈ సీజన్ హడావిడిలో మొదలుపెట్టేవాళ్లకి కొన్ని మాటలు ముందే చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మన చేతి అలవాటు. చక్ ఆగితే మిషన్ ఆగినట్టే అని ఏళ్ల తరబడి చేతికి నేర్పాం. చక్ ఆగగానే చెయ్యి దానంతటదే జాబ్ మీదికి వెళ్తుంది, గోటితో అంచు తడిమి చూస్తుంది. ఇప్పుడు చక్ పనంతా అయ్యేదాకా ఆగే ఉంటుంది. తిరిగేది ఇటు కట్టర్. పైగా కీవే కోసం స్పిండిల్‌ని జాబ్ వైపు తిప్పి బిగిస్తే మోటారు, బెల్టు మన పొట్టకి జానెడు దూరంలో ఉంటాయి. బెల్టుకి రేకు కవర్ చేయించకుండా స్విచ్ వేయకండి. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చొక్కా ఆ రోజుకి వద్దు.

కరెంటు సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. ఒకే మిషన్ మీద రెండు మోటార్లు ఉన్నాయి కాబట్టి రెండూ ఒకేసారి తిరిగే వీలే ఉండకూడదు. కట్టర్ షాఫ్ట్‌లో దిగి ఉండగా ఎవరైనా లేత్ స్టార్టర్ నొక్కితే కట్టర్ ముక్కలై ఎగురుతుంది. దీనికి తేలికైన మార్గం ఛేంజోవర్ స్విచ్. హ్యాండిల్ ఒకవైపు ఉంటే లేత్‌కి, రెండో వైపు ఉంటే మిల్లింగ్ మోటార్‌కి కరెంటు వెళ్తుంది, మధ్యలో ఉంటే దేనికీ వెళ్లదు. వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మిల్లింగ్ మోటార్‌కి మామూలు ఇంటి స్విచ్ పెట్టొద్దు, నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ (కరెంటు పోతే ఆఫ్ అయి, మళ్లీ నొక్కేదాకా ఆన్ కానిది) పెట్టండి. ఈదురుగాలికి కరెంటు పోయి, మీరు కట్టర్ మార్చే సమయానికి తిరిగొస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఎర్త్ లేత్ బాడీ మీదుగా వచ్చేస్తుందిలే అనుకోవడం కూడా తప్పే. మోటార్‌ని మోసే స్లైడ్‌కీ, కింద ఉన్న బెడ్‌కీ మధ్య నూనె పొర ఉంటుంది, దాన్ని నమ్మలేం. మోటార్ బాడీకి విడిగా ఆకుపచ్చ వైరు లాగండి. పైన 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే ఇంకా మంచిది, ముఖ్యంగా కూలెంట్ కారే చోట.

జాబ్ కదలకుండా చక్‌ని లాక్ చేయాలి. చాలామంది బ్యాక్ గేరు (వేగం తగ్గించే గేర్లు) వేసి, బుల్ గేరు పిన్ను (పుల్లీని నేరుగా స్పిండిల్‌కి కలిపే పిన్ను) కూడా వదలకుండా రెండూ పట్టించేస్తారు. లేత్ స్పిండిల్ బిగుసుకుపోతుంది నిజమే. కానీ మిల్లింగ్ కట్టర్ పన్ను పన్నుకీ టకటకా కొడుతుంది. ఆ దెబ్బలన్నీ క్యాస్ట్ ఐరన్ గేరు పళ్ల మీద పడతాయి. ఒక పన్ను విరిగితే ఆ గేరు దొరికేదాకా లేత్ మూలన పడుకుంటుంది. బెడ్‌కి బోల్టుతో ఒక పట్టీ బిగించి, దాన్నే చక్ వెనక ప్లేటుకి పట్టించండి. తయారు చేయడానికి ఓ పూట పడుతుంది, అంతే.

కట్టర్‌ని డ్రిల్ చక్‌లో మాత్రం పెట్టకండి. నేను పెట్టాను. డ్రిల్ చక్ టేపర్ మీద కూర్చుని ఉంటుంది. డ్రిల్లింగ్‌లో ఎంత నొక్కితే అంత బిగుస్తుంది, కానీ పక్క నుంచి వచ్చే లోడుకి, కంపనానికి వదులైపోతుంది. నాది రెండో షాఫ్ట్ మధ్యలో, తిరుగుతూ తిరుగుతూనే చక్‌తో సహా ఊడి, బెడ్ మీద పడి గుమ్మం దాకా దొర్లింది. ఎవరికీ తగల్లేదు, అదృష్టం. తర్వాత ఈఆర్ 20 కాలెట్ (కట్టర్‌ని చుట్టూ బిగించి పట్టే చీలికల గొట్టం) స్పిండిల్ చేయించాను. కాలెట్‌ని ముందు నట్టులో టక్కుమనేలా కూర్చోబెట్టి, అప్పుడే స్పిండిల్‌కి ఎక్కించాలి. విడిగా లోపల పడేసి నట్టు బిగిస్తే కట్టర్ వంకరగా తిరుగుతుంది.

గ్రైండర్‌ని అలాగే బిగించి పని కానిచ్చేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. చిన్న గ్రైండర్ వేగం 11,000 ఆర్‌పీఎం దరిదాపుల్లో ఉంటుంది. 8 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌కి మైల్డ్ స్టీల్ మీద కావలసింది సుమారు 1,000. గ్రైండర్ స్పీడుకి కట్టర్ నిమిషంలో నీలం తిరిగిపోతుంది. 1,440 మోటార్‌కి 2 అంగుళాల పుల్లీ, స్పిండిల్‌కి 3 అంగుళాల పుల్లీ వేస్తే 960 వస్తుంది, సరిపోతుంది. వీ-బెల్టే వాడండి. కట్టర్ ఇరుక్కుంటే అది జారి మిగతావాటిని కాపాడుతుంది.

తయారీలో ఒక విషయం ఎవరూ చెప్పరు. స్పిండిల్‌ని పట్టే బ్రాకెట్‌ని లేత్ మీద పెట్టి వెల్డింగ్ కొట్టొద్దు. ఎర్త్ క్లాంపు బెడ్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి గోళీల మీద గుంటలు పడొచ్చు. టాక్ (చుక్క వెల్డింగ్) కొట్టాలన్నా ముక్క కిందికి దించండి. టీ-స్లాట్ బోల్టులు కూడా స్పానర్‌కి పైపు తొడిగి బిగించొద్దు, స్లాట్ పెదవి క్యాస్ట్ ఐరన్‌ది, పెళుక్కున విరుగుతుంది.

కోత వేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. టర్నింగ్‌లో బలం శాడిల్‌ని (బెడ్ మీద జరిగే భాగాన్ని) బెడ్ మీదికి నొక్కుతుంది. లేత్‌ని తయారుచేసింది దానికే. మిల్లింగ్‌లో కట్టర్ శాడిల్‌ని పైకి కూడా లేపొచ్చు, ముందుకీ లాక్కోవచ్చు. కాబట్టి గిబ్ స్క్రూలు (స్లైడ్ లూజు సరిచేసేవి), శాడిల్ కింది పట్టీ ముందే సరిచూసుకోండి. వాడని స్లైడ్‌ని లాక్ చేయండి. కీవే వెడల్పు సరిచేసేటప్పుడు కట్టర్ పళ్లు స్లైడ్‌ని వెనక్కి తోసే దిక్కులోనే ఫీడ్ ఇవ్వండి. ముందుకి లాక్కునే దిక్కులో ఇస్తే స్క్రూలో ఉన్న లూజంతా ఒక్కసారి దూకి, కట్టర్ విరుగుతుంది. 25 మి.మీ. షాఫ్ట్‌కి 8 మి.మీ. కీ, షాఫ్ట్‌లో లోతు 4 మి.మీ. సగం మిల్లీ చొప్పున ఎనిమిది కోతలు. తొందరపడి రెండు మిల్లీలు దించితే లాభం లేదు. నేరుగా లోపలికి దించాలి కాబట్టి స్లాట్ డ్రిల్ (కొన మధ్యలో కూడా కోసే కట్టర్) తీసుకోండి, మామూలు నాలుగు పళ్ల కట్టర్లు చాలావరకు మధ్యలో కోయలేవు.

మిల్లింగ్ రజను సూదుల్లా వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. చేతి గ్లవుజులు వద్దు, మోటార్ ఆపాక బ్రష్‌తోనే తుడవండి. బెడ్ మీద పాత చీరలు, వేస్ట్ కాటన్ పరిచారా, కట్టర్ చుట్టేసుకుంటుంది. రబ్బరు షీటు పరిచి అంచులు బిగించండి.

అన్నీ అయ్యాక కట్టర్ లేకుండా అరగంట తిప్పండి. తర్వాత మోటార్ ఆపి, బేరింగు హౌసింగ్ మీద అరచెయ్యి పెట్టండి. చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగు మరీ బిగించారన్నమాట, కాస్త వదులు చేయాలి. మొదటి కోత అల్యూమినియం ముక్క మీద వేయండి. రైతు షాఫ్ట్ మర్నాడు చూడొచ్చు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఎంత తొందరపెట్టినా సరే.