వానల చలికాలంలో గోల్ఫ్ కోర్సు – 3వ పాఠం: పదును

పోయిన పాఠంలో కాలవల చెత్త తీయించాం, ఔట్‌లెట్ జాలీలు కడిగించాం. ఇప్పుడు వాన పడిందనుకుందాం. మద్రాసులో అలా అనుకోవడం పెద్ద కష్టం కాదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు 20 ప్రాంతంలో మొదలైతే డిసెంబరు దాకా వదలవు. ఏడాది మొత్తంలో పడే సుమారు 140 సెంటీమీటర్లలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. ‘ఐప్పసి అడై మళై’ (ఐప్పసి నెలలో ఎడతెగని వాన) అని ఇక్కడి తమిళులు ఊరికే అనరు.

ఇది చదివేవాళ్లలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి, ఇంట్లో ఎంతో కొంత సేద్యం చూసినవాళ్లు ఉంటారు. మీకు మొదట్లో రెండు అలవాట్లు అడ్డం వస్తాయి. గరిక కనబడితే పీకెయ్యాలనిపిస్తుంది. మన గ్రీన్ల (బంతిని గుంటలోకి దొర్లించే, గడ్డి బాగా పొట్టిగా కోసిన చోట్ల) మీదున్న బెర్ముడా గడ్డి ఆ గరిక సంతతే. పొలంలో కలుపు, ఇక్కడ పంట. రెండోది, నీళ్లు నిలిస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది. వరికైతే అది సరే, ఆకుల నుంచి వేరుదాకా గాలి దిగే దారి దాని ఒంట్లోనే ఉంది. గరిక వేరుకు మాత్రం మట్టిలోనే గాలి దొరకాలి.

అయితే సేద్యం నేర్పిన ఒక చూపు ఇక్కడ బాగా పనికొస్తుంది. వాన వెలిసిన మర్నాడు మీ నాన్నగారు చేలో పిడికెడు మట్టి పిసికి చూసి, ‘ఇంకా పదునుకు రాలేదు’ అని అరక కట్టకుండా వెనక్కి వచ్చేవారు కదా. మట్టి పనికి తగినంతగా ఆరడమే ఆ పదును. అదే ఈ పాఠం.

తడి మట్టిలో రేణువుల మధ్య ఖాళీలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి. ఆ స్థితిలో బరువు పడితే రేణువులు జారి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీళ్లు పోయినా ఆ ఖాళీలు మళ్లీ తెరుచుకోవు. గడ్డి వాన వల్ల చచ్చిందని అందరూ అంటారు. నేను చూసినంతలో చాలాసార్లు అది చక్రాల వల్లే పోయింది. ఒక ఏడాది, నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ కాసింది. మెంబర్లు ఆటకు తొందరపెడుతున్నారు, నాకు టెన్షన్. ఫెయిర్‌వే (గ్రీన్ దాకా ఉండే పొడవాటి గడ్డి దారి) మీదికి గడ్డి కోసే పెద్ద మోవర్ పంపించాను. పైన ఆరినట్టే ఉంది. రెండు గంటల్లో జానెడు వెడల్పు గాళ్లు పడ్డాయి, సంక్రాంతి దాటినా అవి కనబడుతూనే ఉన్నాయి. తప్పు డ్రైవర్‌ది కాదు, పంపినవాడిది.

కాబట్టి పైపైన చూసి నమ్మొద్దు. ఫెయిర్‌వేలో పల్లంగా ఉన్న చోట నాలుగు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీయండి. పిసికితే అరచేతికి జిగురుగా అంటి, ముద్ద మెరుస్తూ ఉంటే ఆ రోజు ఏ యంత్రమూ దిగకూడదు. ముద్ద కట్టి, బొటనవేలితో నొక్కగానే పొడిగా విడిపోతే పదునుకు వచ్చినట్టు. గ్రీన్ మీద గుంట తీయక్కర్లేదు. మడమ గట్టిగా ఆనించి పది లెక్కపెట్టండి, బూటు చుట్టూ నీరు ఊరితే వెనక్కి రండి.

గ్రీన్ ఎలా కట్టారో కూడా తెలిసి ఉండాలి. అమెరికా గోల్ఫ్ సంఘం పద్ధతిలో కట్టినదైతే పైన 30 సెంటీమీటర్ల ఇసుక, కింద 10 సెంటీమీటర్ల కంకర ఉంటాయి. తడి స్పాంజిని అడ్డంగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది, లోపల మాత్రం నీరుంటుంది. అదే స్పాంజిని నిలువుగా పట్టుకుంటే మళ్లీ కారుతుంది. ఇసుక గ్రీన్ కూడా అంతే. పైన నీరు ఇంకిపోయినా అడుగున కొంత తడి వేలాడుతూనే ఉంటుంది, అందులోనూ గ్రీన్ పల్లపు అంచుల దగ్గర ఎక్కువ. ఉన్న మట్టినే గుట్టపోసి కట్టిన పాత గ్రీన్లయితే ఇంకా నిదానం, వాటికి మరో రోజు వదిలెయ్యండి.

నిలిచిన నీటిని గ్రీన్ మీద వైపర్‌తో వాలు వైపుకే నెట్టాలి. ఇద్దరు చాలు. పదిమంది చేరి తొక్కితే నీళ్లు పోతాయి, బురద మిగులుతుంది. ఫెయిర్‌వేలో అసలు నెట్టకండి. అక్కడ బంతి పడితే ఆటగాడు పెనాల్టీ లేకుండా పక్కన డ్రాప్ చేసుకోవచ్చని (చేత్తో వదలొచ్చని) గోల్ఫ్ ఆట 16వ రూలే చెబుతోంది. ఆట కోసం మనం బురద తొక్కక్కర్లేదు.

పదునుకు వచ్చాక మొదటి కటింగ్ చేతి మోవర్‌తోనే. మామూలుగా గడ్డి 3.5 మిల్లీమీటర్ల ఎత్తు మిగిలేలా కోస్తుంటే 4.5కి ఎత్తండి. మబ్బు రోజుల్లో గరికకు ఎండ చాలదు, ఉన్న ఆకైనా మిగలాలి. వారం రోజుల్లో పెరిగిన గడ్డిని ఒకేసారి దించెయ్యాలని చేతులు దురద పెడతాయి. మూడో వంతుకు మించి కోయకండి, రెండు మూడు కోతల్లో దించుకోవచ్చు. మలుపు గ్రీన్ అంచుమీద కాకుండా బాగా బయటికి వెళ్లి తిప్పండి. అంచు చుట్టూ వేసే ఆఖరి రౌండు ఆ వారం మానెయ్యండి. బ్లేడు మొద్దుగా ఉంటే ఆకు చిరుగుతుంది, చిరిగిన చోటే తెగులు పడుతుంది.

పసుపు తిరిగిందని యూరియా చల్లకండి. లేత ఆకు లేస్తుంది, దానికోసమే శిలీంధ్రం కాచుకుని ఉంటుంది. పొద్దున్నే గడ్డి మీద దూదిపింజల్లాంటి తెల్లటి పోగులు, జిడ్డుగా నల్లబడ్డ మచ్చలు కనిపిస్తే పిథియం అనే కుళ్లు తెగులు అయ్యుండొచ్చు. అది నీరు పారిన దారినే, మోవర్ నడిచిన దారినే పాకుతుంది. ఆ గ్రీన్ చివరికి కోసి, మోవర్ కడిగి లోపల పెట్టండి. మంచును వెదురు బద్దతో తెల్లవారకముందే రాల్చే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే, ఆకు ఎంత త్వరగా ఆరితే అంత మేలు. చిన్న ముక్క కోసి చూస్తే లోపల నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా? అక్కడ గాలి అందడం లేదు. దానికి మందు లేదు, ఫోర్కుతో పొడవడమే. అది వచ్చే పాఠం.

బంకర్లకు, అంటే ఇసుక గుంటలకు, పెద్ద కథ లేదు. పంపుతో నీళ్లు తోడాకే జారిన ఇసుకను పైకి ఎత్తండి. బంకమట్టి కలిసిన ఇసుకను ఎత్తి పారేయండి, మళ్లీ వాడొద్దు.

ఈ లెక్కలన్నీ మామూలు వానలకే. 2015 డిసెంబరు 1న పడ్డట్టు, తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిస్తే ఏ డ్రైనూ ఆపలేదు. అప్పుడు పంపులూ మోవర్లూ ఎత్తైన చోటికి చేర్చి, మనుషుల్ని ఇళ్లకు పంపెయ్యాలి.

ఈ వారం పని: వాన వెలిసిన రోజు నుంచి మూడు ఫెయిర్‌వేల్లో ఒక్కో చోటు గుర్తు పెట్టుకోండి. రోజూ ఉదయం 8 గంటలకు అక్కడి మట్టి పిసికి చూడండి. పడిన వాన ఎంత, పదునుకు రావడానికి ఎన్ని రోజులు పట్టింది, ఏ చోటు ముందు ఆరింది, ఇవి ఒక పుస్తకంలో రాయండి. గీతలు, లెక్కలు అందంగా ఉండక్కర్లేదు, తేదీ ఉంటే చాలు. నాలుగో పాఠంలో ఫోర్కు ఎక్కడ మొదట దించాలో ఆ పుస్తకం చూసే తేలుస్తాం.