తుపాను తర్వాత చెట్లు కోసేటప్పుడు: చైన్ రంపం సమస్యలు - పరిష్కారాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చైన్ రంపానికి అసలు సీజన్ అక్టోబరు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఆ నెలలోనే వచ్చాయి. తిత్లీకి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగిపోయాయి. నిలబడ్డ సరుగుడును కొట్టడం కంటే పడ్డ కొబ్బరిని కోయడం తేలిక అనుకుంటారు చాలామంది. నన్నడిగితే పడ్డదే ప్రమాదం. ఏ వైపు వంగి ఉందో, ఎక్కడ బిగుసుకుందో చూసుకోకుండా రంపం పెడితే కింద చెప్పినవన్నీ జరుగుతాయి.

చెట్టు కరెంటు తీగల మీద ఉంటే మాత్రం రంపం బయటికి తీయొద్దు. 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చి లైన్ ఆపాడని తేలేదాకా దగ్గరికి వెళ్ళొద్దు.

బార్ (గొలుసు తిరిగే పొడవాటి పట్టీ) దుంగలో ఇరుక్కుపోయింది

కారణం: దుంగ రెండు చివర్లూ దేనిమీదో ఆనుకుని, మధ్య భాగం గాల్లో ఉంది. అలాంటప్పుడు పైభాగం నొక్కుకుని ఉంటుంది, అడుగు సాగి ఉంటుంది. పైనుంచి కోసుకుంటూ పోతే కోత మూసుకుని బార్‌ని పట్టేస్తుంది. ఒక చివరే ఆనుకుని రెండోది గాల్లో వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది, అడుగు నొక్కుకుంటుంది.

పరిష్కారం: ముందు ఇంజన్ ఆపండి. లాగి పీకితే బార్ వంగుతుంది. కోత మూసుకోకుండా అందులో చెక్క సీల గానీ, ప్లాస్టిక్ సీల గానీ కొట్టి, దుంగ కింద గట్టి కర్ర పెట్టి ఎత్తించండి. ఇనప సీల వద్దు, గొలుసు తగిలితే పళ్ళు పోతాయి.

మళ్ళీ ఇరుక్కోకుండా ఉండాలంటే నొక్కుకున్న వైపు నుంచి మూడో వంతు కోసి ఆపాలి. మిగతాది సాగిన వైపు నుంచి, మొదటి కోతకు ఎదురుగా కలపాలి. కోస్తున్నంతసేపూ చూపు కోత సందు మీదే ఉండాలి. వెడల్పు తగ్గుతోందంటే వెంటనే బార్ బయటికి తీసేయండి. అడుగు నుంచి కోసేటప్పుడు రంపం మీవైపు నెట్టుకొస్తుంది, కాళ్ళు గట్టిగా నిలదొక్కుకోండి.

దుంగ తెగగానే వేళ్ళ మొదలు లేచి గోతిలో కూర్చుంది

కూకటివేళ్ళతో పడ్డ చెట్టుకు ఇది మామూలే. వేళ్ళ గడ్డను ఇన్నాళ్ళూ ఎత్తి పట్టింది ఆ దుంగ బరువే. అది తెగగానే మట్టితో సహా వెనక్కి పడుతుంది, ఒక్కోసారి ముందుకు, కోసేవాడి మీదికి కూడా. వేళ్ళ గోతిలోకి దిగి ఆడుకునే పిల్లలుంటారు. అక్కడికి ఎవరినీ రానివ్వకండి. గడ్డను మోకుతో గట్టిగా కట్టి, లేదా జేసీబీ బకెట్ ఆనించి, ఆ తర్వాతే కోత మొదలుపెట్టండి.

వంగిన కొమ్మ ఎగిరి కొట్టింది

జీడి కొమ్మలు నేలను తాకుతూ పరుచుకుంటాయి. చెట్టు ఒరిగినప్పుడు వాటిలో కొన్ని విల్లులా వంగి ఉండిపోతాయి. బయటి వంపు మీద రంపం పెడితే ఫట్‌మని విడిపోతుంది. లోపలి వంపు వైపు కొంచెం కొంచెంగా గాట్లు పెడుతూ పోతే బలం మెల్లగా దిగుతుంది. కొమ్మ ఎగిరే దారిలో మీరు నిలబడకూడదు. చెట్టును మోస్తున్న అడుగు కొమ్మలను చివర్లో తీయండి.

రంపం ముఖం మీదికి లేచింది

తిరుగుతున్న గొలుసు బార్ ముక్కు (కొస) పై పావు భాగంలో దేనికైనా తగిలితే అదే జరుగుతుంది. కొబ్బరాకుల కుప్పలో వెనకున్న దుంగ కనబడదు, ముక్కు దానికి తగులుతుంది. ముందు చుట్టూ శుభ్రం చేయండి. ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిరిగి ఉండాలి. భుజం కంటే పైకి ఎత్తి కోయొద్దు. చైన్ బ్రేకు (రంపం ఎగిరితే గొలుసును ఆపేది) పనిచేయని రంపాన్ని ఎంత తొందరున్నా ముట్టుకోకండి. అన్నట్టు, లుంగీ, చెప్పులతో ఈ పనికి రావద్దని మన దగ్గర ఇంకా చెప్పాల్సి వస్తోంది.

పొట్టుకు బదులు పిండి రాలుతోంది

గొలుసు మొద్దుబారింది. ఉద్దానం ఇసుక నేల కాబట్టి ఒక్కసారి మట్టికి తగిలితే చాలు. గుండ్రటి ఆకురాయితో పళ్ళన్నీ ఒకే కోణంలో, సాధారణంగా 30 డిగ్రీలకు, ఒకే వైపు తోసి రుద్దండి. చిన్న రంపాల సన్న గొలుసుకు 4 మి.మీ., .325 అంగుళాల పిచ్ గొలుసుకు 4.8 మి.మీ. ఆకురాయి సరిపోతుంది. దుంగను ముప్పాతిక వరకు కోసి, పొర్లించి మిగతాది కోస్తే నేల తగలదు.

కోత ఒక పక్కకు వంకరపోతుంటే ఆ పక్క పళ్ళు పొడవు ఎక్కువో, పదును ఎక్కువో అయ్యాయని లెక్క.

బార్ పొగలు కక్కుతోంది

గొలుసుకు నూనె అందడం లేదు. ముక్కును తెల్లటి మోడుకు ఎదురుగా, తగలకుండా పట్టి రేజ్ చేస్తే నూనె గీత పడాలి. పడకపోతే బార్ విప్పి గాడినీ, నూనె బెజ్జాన్నీ గోకండి. డబ్బు కలిసొస్తుందని కాలిన ఇంజన్ ఆయిల్ పోస్తారు, దాంట్లోని ఇనప రజను పంపును తినేస్తుంది.

సరుగుడు నిలువునా చీలింది, లేదా అనుకోని వైపు పడింది

వాలిన చెట్టుకు ముందు గాటు (చెట్టు పడాల్సిన వైపు పెట్టే గాటు) పెట్టకుండా వెనక నుంచి కోస్తే, సగం తెగకముందే మాను పైకి చీలి, వెనక్కి తన్నుతుంది. ముందు గాటు వ్యాసంలో అయిదో వంతు నుంచి మూడో వంతు లోతు ఉండాలి. వెనక కోత గాటు దాకా పోకూడదు. మధ్యలో వ్యాసంలో పదో వంతు కీలుగా మిగలాలి, అంటే 30 సెంటీమీటర్ల మానుకు 3 సెంటీమీటర్లు. ఆ కీలే చెట్టును దారిలో పెడుతుంది. తొందరపడి పూర్తిగా తెగ్గోస్తే గాలి ఎటు తోస్తే అటే. బాగా వాలిన చెట్టును అలవాటున్న మేస్త్రీకి వదిలేయండి.

చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో మనుషులెవరూ ఉండకూడదు. మీరు తప్పుకునే దారి వెనక్కి, పక్కకు ఏటవాలుగా ముందే శుభ్రం చేసుకోండి.

వేడెక్కాక స్టార్ట్ కావడం లేదు

చాలాసార్లు పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది. చోక్ తీసేసి, ప్లగ్గు విప్పి తుడిచి, రెండు మూడుసార్లు తాడు లాగి మళ్ళీ బిగించండి. పెట్రోల్లో కలిపే ఆయిల్ కొలత మాన్యువల్ చెప్పినట్టే ఉండాలి, 50:1 అయితే లీటరు పెట్రోలుకు 20 మి.లీ.