సీనియర్ ఏపీపీలూ, రిటైర్మెంట్‌కు ముందే లీవ్ లెక్క సరిచూసుకోండి

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా సర్కారు తరఫున వాదిస్తున్న ఏపీపీలకు (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు) కేసుల వాయిదాలన్నీ నోటికే వస్తాయి, తమ ఖాతాలో ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, అంటే సంపాదిత సెలవులు) ఎన్ని ఉన్నాయో మాత్రం తెలియదు. నాకు ఇదే బాధ. ముందు ఆఫీసులో సర్వీస్ రిజిస్టర్ తెరిపించి లీవ్ అకౌంట్ పేజీ చూడండి. ఇది ప్రాసిక్యూషన్ శాఖలో రెగ్యులర్ పోస్టులో ఉన్నవాళ్ల సంగతి. మూడేళ్ల టర్మ్ మీద గౌరవవేతనంతో చేసే జీపీలకు (గవర్నమెంట్ ప్లీడర్లకు) వర్తించదు.

ఈఎల్ జనవరి 1న 15, జులై 1న 15 ముందుగానే జమ చేస్తారు. నిల్వ మాత్రం 300 దాటదు, చాలామంది నష్టపోయేది ఇక్కడే. నిల్వ 285 దాటినవాళ్లకు కొత్త 15 రోజులను విడిగా చూపిస్తారు, ఆ ఆరు నెలల్లో పెట్టిన సెలవు ముందు అందులోంచే పోతుంది, వాడకపోతే 300 నిండగా మిగిలినవి పోయినట్టే. అందుకని 300 నిండినవాళ్లు బిడ్డ పెళ్లికో, ఇంటి పనికో ఆ 15 రోజులు ధైర్యంగా పెట్టండి, లేదా సరెండర్ చేయండి, అంటే ఆ సెలవులు వదులుకుని డబ్బు తీసుకోండి (ఏడాదికి 15 రోజులు, కాకపోతే రెండేళ్లకు 30).

ఒంట్లో బాగాలేనప్పుడు ఈఎల్ ముట్టుకోవద్దు. ఏడాది సర్వీసుకు 20 హాఫ్ పే లీవులు (సగం జీతం సెలవులు) వస్తాయి, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కమ్యూటెడ్‌గా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది, ఖాతాలోంచి మాత్రం రెట్టింపు తీసేస్తారు. 22 ఏళ్ల సర్వీసుకు 440 హాఫ్ పే, అంటే 220 రోజుల కమ్యూటెడ్. సర్వీసు మొత్తానికి కమ్యూటెడ్ పరిమితి 240 రోజులు. మోకాలి ఆపరేషన్‌కు రెండు నెలలు కావాలన్నా టెన్షన్ అక్కర్లేదు.

దాచుకున్న ఈఎల్‌కు 61 ఏళ్లకు రిటైరయ్యే రోజు ఉన్న మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 30తో భాగించి, రోజులతో గుణించి డబ్బు ఇస్తారు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కలవదు. ఈఎల్ తక్కువైతే హాఫ్ పేతో 300 వరకు నింపొచ్చు, ఆ రోజులకు సగం జీతం లెక్కే కడతారు.

సెలవు హక్కు కాదు, ఇవ్వడం పై అధికారి చేతిలో ఉంటుంది, కాబట్టి ముందుగానే అప్లికేషన్ పెట్టి, సాక్షులు వచ్చే కేసుల లిస్టు ఇన్‌ఛార్జ్‌గా వచ్చే ఏపీపీకి ఇచ్చి వెళ్లండి. ముందూ వెనకా వచ్చే ఆదివారాలు, పండగ సెలవులు కలుపుకోవడానికి అందులోనే పర్మిషన్ అడగండి, మధ్యలో వచ్చేవి సెలవు కిందే పోతాయి.

ఇంకొకటి. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకో, వనపర్తికో బదిలీ అయినవాళ్లు పాత ఆఫీసులో మంజూరైన లీవులన్నీ రిజిస్టర్‌లో ఎక్కాయో లేదో చూసుకోండి, ఎక్కకపోతే ఆ ప్రొసీడింగ్స్ కాపీ పెట్టి ఇప్పుడే రాయించి సంతకం పెట్టించుకోండి.