రిసీవర్ ఖాళీగా దొరికాడు, తప్పెవరిది?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లాంగ్ పాస్ పడగానే కెమెరా రిసీవర్ (పాస్ అందుకునేవాడు) వెనకాల పరుగెత్తే డిఫెండర్ మీదకి వెళ్తుంది. తిట్లన్నీ అతనికే పడతాయి. చాలాసార్లు అతను వేరేవాడు వదిలేసిన చోటికి సర్దడానికి వచ్చినవాడు. ఈ అన్యాయం నాకు అస్సలు మింగుడుపడదు.

సమస్య 1: సైడ్‌లైన్ పక్కన, 20 గజాల లోతులో రిసీవర్ చుట్టూ ఎవరూ లేరు. కార్నర్‌బ్యాక్ (సైడ్‌లైన్ వైపు రిసీవర్‌ని కాసే డిఫెండర్) ముందే ఆగిపోయాడు, సేఫ్టీ (అందరికన్నా వెనక కాపలా ఉండే డిఫెండర్) ఆలస్యంగా చేరాడు.

కారణం: అది ఆ ప్లేకి ఇచ్చిన కాల్‌ని, అంటే ఎవరు ఎక్కడ కాయాలో చెప్పే ఆదేశాన్ని బట్టి ఉంటుంది. కవర్ 2, 3, 4 అలాంటి కాల్స్ పేర్లే. కవర్ 2 అయితే వెనక భాగాన్ని ఇద్దరు సేఫ్టీలు చెరిసగం కాస్తారు, కార్నర్ పని ముందున్న ఫ్లాట్ (సైడ్‌లైన్ పక్కన తక్కువ లోతులో ఉండే చోటు). అతను ఆగడం సబబే, చూడాల్సింది సేఫ్టీ వైపు. కవర్ 3 అయితే వెనక మూడు వాటాలు, బయటి వాటా కార్నర్‌దే. అక్కడ ఆగిపోతే తప్పు అతనిదే. కవర్ 4 (వెనక నాలుగు వాటాలు) దగ్గర అసలు చిక్కు. లోపలి రిసీవర్ నేరుగా లోతుకు పరుగెత్తితే సేఫ్టీ అతని వెంట వెళ్లాలి. అప్పుడు బయటివాడికి కార్నర్ ఒక్కడే దిక్కు. సాయం రాలేదని సేఫ్టీని నిందించడం కుదరదు.

పరిష్కారం: బంతిని వదిలేసి మిగతావాళ్లను చూడండి. అందరూ కవర్ 3 ఆడుతూ ఒక్కడే ఫ్లాట్‌లో ఆగితే, చాలావరకు కాల్ అందనిది అతనికే. అయితే రెండు వైపులా వేర్వేరు కవరేజ్ ఇచ్చే కాల్స్ కూడా ఉంటాయి, తొందరపడొద్దు. టీవీ ఫ్రేమ్‌లో సేఫ్టీలు సగంసేపు కనబడరు కాబట్టి 22 మందినీ చూపే ఆల్-22 వీడియోనే నమ్మండి. క్వార్టర్‌బ్యాక్‌కి (పాస్ విసిరేవాడికి) నాలుగైదు సెకన్లు దొరికాయా? అయితే ముందు పాస్ రష్‌ని, అంటే అతని మీదకి దూసుకెళ్లాల్సినవాళ్లని అడగండి.

2013 జనవరి 12న డెన్వర్‌లో, నాలుగో క్వార్టర్‌లో 31 సెకన్లు మిగిలి ఉండగా, బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకో వేసిన 70 గజాల పాస్‌తో జాకోబీ జోన్స్ టచ్‌డౌన్ చేశాడు. అక్కడ వేలు డెన్వర్ సేఫ్టీ రహీమ్ మూర్ వైపు చూపడం న్యాయమే. అందరికన్నా వెనక ఉండాల్సింది అతనే, బంతి అతని తల మీదుగా వెళ్లింది.

సమస్య 2: గోల్ లైన్ దగ్గర, మోషన్‌లో ఉన్న (ప్లే మొదలవకముందే పక్కకి కదులుతున్న) రిసీవర్ ఒంటరిగా దొరికాడు.

2023 ఫిబ్రవరి సూపర్ బౌల్ నాలుగో క్వార్టర్‌లో కాన్సాస్ సిటీ ఫిలడెల్ఫియా మీద ఇదే రెండుసార్లు చేసింది: ఒకసారి రిసీవర్ టోనీతో, ఇంకోసారి రిసీవర్ స్కై మూర్‌తో. లోపలికి వస్తున్నట్టే వచ్చి, చటుక్కున బయటికి తిరిగారు. మనిషిని పక్కవాడికి అప్పజెప్పుతున్న క్షణంలోనే దెబ్బ పడింది. ఒకసారైతే ఆటగాణ్ణి అడగొచ్చు. రెండో వైపు కూడా అదే జరిగితే, మోషన్‌కి ఇచ్చిన నియమాన్నీ, దాన్ని మార్చని కోచ్‌నీ అడగాలి.

సమస్య 3: ఒక రిసీవర్ మీద ఇద్దరు, పక్కవాడి మీద ఎవరూ లేరు. క్రికెట్‌లో ఇద్దరు ఫీల్డర్లు నువ్వంటే నువ్వని క్యాచ్ వదిలేసినట్టే. స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి) ముందు చేతి సైగలు చూడండి. సైగ చేసినవాడికి జవాబు రాకపోతే, జవాబివ్వనివాడి పేరు ముందు రాసుకోండి. ఎవరూ సైగ చేయకపోతే ఇద్దరి పేర్లూ రాయండి.