రాస్ప్‌బెర్రీ పై బోర్డుతో ఇంట్లోనే గేమ్ కన్సోల్ తయారుచేసుకోవడం ఎలా?

తక్కువ ఖర్చుతో, ఏ కంపెనీ దయా అవసరం లేకుండా టీవీకి తగిలించుకుని ఆడుకునే కన్సోల్ కావాలంటే రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, పాత కన్సోళ్ల ఆటలు ఆడించే, ఉచితంగా దొరికే రెట్రోపై సాఫ్ట్‌వేర్ చాలు. బోర్డుతో పాటు 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్, ఒక పెన్‌డ్రైవ్, వైరున్న కంట్రోలర్ సిద్ధం చేసుకోండి. బ్లూటూత్ కంట్రోలర్ జోలికి మొదట్లో అసలు పోకూడదు. పవర్‌కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరే వాడాలి. అంత శక్తి ఇవ్వలేని ఫోన్ చార్జర్ పెడితే తెర మూలన మెరుపు గుర్తు కనిపించి, ఆట నత్తనడక నడుస్తుంది.

కంప్యూటర్‌లో కార్డులోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ తెరిచి, ఎమ్యులేషన్ (పాత కన్సోళ్లను అనుకరించడం) విభాగంలో పై 4కు తగిన రెట్రోపైని ఎంచుకుని కార్డులోకి ఎక్కించండి. కార్డును బోర్డులో పెట్టి, పవర్ సాకెట్ పక్కనే ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకు టీవీని కలపండి. మొదటిసారి అది తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. అంతవరకు దేన్నీ ముట్టుకోవద్దు.

వేల ఆటలు నింపి అమ్మే కార్డులు మాత్రం కొనవద్దు. ఆ ఆటలకు కాపీరైట్ ఉంటుంది, పైగా రెట్రోపైలోని కొన్ని ఎమ్యులేటర్ల లైసెన్సులు వ్యాపారానికి వాడటాన్నే ఒప్పుకోవు. ఇక ఓపెన్ కన్సోల్ అనే పేరు చూసి మోసపోకూడదనడానికి ఊయా కథే నిదర్శనం. 2012లో కిక్‌స్టార్టర్‌లో 85 లక్షల డాలర్లకు పైగా సమీకరించి, మరుసటి ఏడాది 99 డాలర్లకే అమ్మకానికి వచ్చిన ఆ ఆండ్రాయిడ్ కన్సోల్‌లో ఆటలు ప్రధానంగా కంపెనీ సొంత స్టోరు ద్వారా వచ్చేవి. 2019 జూన్‌లో సర్వర్లు ఆపేయగానే, కొనుగోలును ఆన్‌లైన్‌లో సరిచూసుకునే ఆటలు డబ్బు కట్టినవారికి కూడా పనిచేయలేదు. మనం చేస్తున్న కన్సోల్‌లో సర్వమూ చేతిలోని కార్డులోనే ఉంటుంది, కాబట్టి ఎవరు దుకాణం మూసినా ఆట ఆగదు.

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. కంట్రోలర్‌ను గుర్తించగానే తెర మీద ఏదైనా బటన్ నొక్కి పట్టుకోమని అడుగుతుంది, ఆపైన ఒక్కొక్క బటన్ పేరే చూపిస్తుంది. చాలామంది ఇక్కడ బటన్ మీద ముద్రించిన అక్షరాన్ని చూసి నొక్కుతారు, అది తప్పు. రెట్రోపై పాత సూపర్ నింటెండో అమరికను పాటిస్తుంది: ‘ఏ’ (A) కుడివైపు, ‘బీ’ (B) కింద, ‘ఎక్స్’ (X) పైన, ‘వై’ (Y) ఎడమవైపు. ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్‌లో ‘ఏ’ అక్షరం కింద ఉంటుంది కనుక, అక్షరాన్ని పక్కన పెట్టి స్థానాన్ని బట్టే నొక్కాలి. లేకపోతే ప్రతి ఆటలోనూ దూకాల్సిన చోట కొట్టడం, కొట్టాల్సిన చోట దూకడం తప్పదు. మీ కంట్రోలర్‌లో లేని బటన్ అడిగితే ఏదో ఒక బటన్‌ను కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే దాన్ని దాటేస్తుంది.

జాబితా చివర హాట్‌కీ, అంటే ఇంకో బటన్‌తో కలిపి నొక్కితే ప్రత్యేక పని చేసే బటన్, అడుగుతుంది. అక్కడ సెలెక్ట్ బటన్ తప్ప ఇంకేదీ ఇవ్వకూడదు. సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కితే ఆట నుంచి బయటికి రావడం, సెలెక్ట్, కుడి షోల్డర్ (కంట్రోలర్ పైఅంచున కుడివైపు బటన్) కలిపితే ఆట స్థితి భద్రమవడం, సెలెక్ట్, బీ కలిపితే ఆట మొదటికి పోవడం దీని మీదే ఆధారపడి ఉన్నాయి. తొందరలో హాట్‌కీగా ‘ఏ’ నొక్కారనుకోండి, ఆటలో ‘ఏ’ పట్టుకుని పరుగెత్తుతూ ‘బీ’తో దూకిన క్షణమే ఆట రీసెట్ అవుతుంది. ఇది తెలియక బోర్డు పాడైందని కార్డు మొత్తం చెరిపేసుకునేవారున్నారు. మెనూలో స్టార్ట్ నొక్కి, కాన్ఫిగర్ ఇన్‌పుట్‌కు వెళ్లి మళ్లీ సరిచేసుకుంటే సరిపోతుంది.

ఆటల కోసం పెన్‌డ్రైవ్‌లో రెట్రోపై (retropie) అనే ఫోల్డర్‌ను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో సృష్టించి బోర్డుకు పెట్టండి. పెన్‌డ్రైవ్ లైటు మెరవడం ఆగాక తీసి చూస్తే ఒక్కో పాత కన్సోల్‌కు ఒక్కో ఫోల్డర్ తయారై ఉంటుంది. చట్టబద్ధంగా ఉచితమైన టోబు టోబు గర్ల్ వంటి ఆటను గేమ్ బాయ్ ఫోల్డర్‌లో వేసి, పెన్‌డ్రైవ్‌ను మళ్లీ బోర్డుకు పెట్టి, ఆట కార్డులోకి చేరాక మెనూను రీస్టార్ట్ చేయండి.

ఆట ముగించేటప్పుడు నేరుగా ప్లగ్ పీకవద్దు. ముందు సెలెక్ట్, స్టార్ట్‌తో ఆట నుంచి బయటికి రావాలి, ఎందుకంటే ఆటలో సేవ్ చేసుకున్నది సాధారణంగా అప్పుడే కార్డులోకి చేరుతుంది. తర్వాత మెనూలో క్విట్‌కు వెళ్లి షట్‌డౌన్ ఎంచుకుని, బోర్డు మీది ఆకుపచ్చ లైటు మినుకుమినుకులు ఆగాకే పవర్ తీయండి.